ఇంట్లోవాళ్ళని పోలీసులు తీసుకెళ్తే విశాఖలో ఏం చేయాలి: స్టేషన్ నుంచి అడవివరం జైలు దాకా

రాత్రి పదకొండు దాటాక ఫోన్ వస్తుంది. "మీవాణ్ణి పోలీసులు తీసుకుపోయారు" అని ఎవరో చెప్పి పెట్టేస్తారు. ఆ తర్వాత చాలా ఇళ్ళలో జరిగేది ఒకటే. కార్పొరేటర్‌కి దగ్గరివాళ్ళెవరు, డిపార్ట్‌మెంట్‌లో మన చుట్టాలెవరు అని వెతుకులాట మొదలవుతుంది. తెల్లారేసరికి ముప్ఫై ఫోన్లు చేసి ఉంటారు, చేతిలో ఒక్క కాగితం ముక్క ఉండదు. ఆ వరస మార్చండి. సిఫార్సు చేసేవాడు దొరికితే దొరకనివ్వండి, మొదటి 24 గంటల్లో మీకు పనికొచ్చేవి మాత్రం రాసిపెట్టుకున్న టైము, అడిగి తీసుకున్న నంబరు, సంతకం ఉన్న కాగితం. తర్వాత బెయిల్ వాదనలో లాయరు పట్టుకునేది వీటినే.

మీవాడు తప్పు చేశాడా లేదా అన్నది ఇక్కడి విషయం కాదు. చేసినవాడికీ చేయనివాడికీ పద్ధతి ఒకటే.

1. ముందు ఏ పోలీసులో తేల్చుకోండి

విశాఖలో పోలీసులంటే ఒక్కరు కాదు. కమిషనరేట్ కింద వన్ టౌన్, టూ టౌన్ దగ్గర్నుంచి గాజువాక, పెందుర్తి, పీఎం పాలెం, భీమిలి దాకా చాలా స్టేషన్లున్నాయి. రైల్వే స్టేషన్‌లో పట్టుకుంటే అది జీఆర్పీ, అంటే రైల్వే పోలీసులు. గంజాయి అయితే మత్తుపదార్థాల కేసులు చూసే ఈగల్ టీమ్ కావచ్చు, సారా అయితే ఎక్సైజ్ కావచ్చు. మఫ్టీలో వచ్చి జీపెక్కించింది టాస్క్ ఫోర్స్ అయితే వాళ్ళు పట్టుకుని ఏదో ఒక స్టేషన్‌కి అప్పగిస్తారు, కేసు అక్కడ కడతారు. అందుకే "ఎవరు తీసుకెళ్ళారు" కన్నా "ఎక్కడ పట్టుకున్నారు" అన్నది ముందు అడగండి. ఆ చోటు ఎవరి లిమిట్స్‌లోకి వస్తుందో ఆ స్టేషన్‌కి వెళ్ళండి. అనకాపల్లి 2022లో వేరే జిల్లా అయింది, దాని పోలీసులు వేరు. పరవాడ, సబ్బవరం వైపు జరిగినదానికి సిటీలో తిరిగి ప్రయోజనం లేదు.

రెండు మూడు స్టేషన్లు తిరిగినా ఎవరూ "మా దగ్గర ఉన్నాడు" అనకపోతే 112కి ఫోన్ చేసి అడగండి. ఆ కాల్ టైము మీ ఫోన్‌లో ఉండిపోతుంది, అదే ఒక ఆధారం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహిత, అంటే అందరూ బీఎన్‌ఎస్‌ఎస్ అనేది, ప్రతి జిల్లాలోనూ ప్రతి స్టేషన్‌లోనూ అరెస్టయినవాళ్ళ పేర్లు, కేసు వివరాలు చూసుకోవడానికి ఏఎస్సైకి తగ్గని ఒక అధికారి ఉండాలని 37వ సెక్షన్‌లో చెబుతోంది. ఆ వివరాలు బయటికి కనిపించేలా పెట్టాలి కూడా. "ఆ అధికారి ఎవరండీ?" అని మర్యాదగానే అడగండి. సెక్షన్ నంబరు తెలిసినవాళ్ళతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

2. స్టేషన్‌లో ఏం అడగాలి, ఏం రాసుకోవాలి

ఒక్కరే వెళ్ళకండి, పదిమంది గుంపుగానూ వెళ్ళకండి. ఇద్దరు చాలు. వాళ్ళలో గొంతు పెంచని మనిషి ఒకరు ఉండాలి. చిన్న నోట్‌బుక్, పెన్ను, మీవాడి ఆధార్ జిరాక్స్, రోజూ వేసుకునే మందుల చీటీ పట్టుకెళ్ళండి.

అడగాల్సింది మొదట ఒక్కటే: "సార్, అరెస్టు చేశారా, నోటీసు ఇచ్చి పంపిస్తారా?" ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో ఆటోమేటిక్‌గా అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. అరెస్టు అవసరం లేనప్పుడు విచారణకి రమ్మని నోటీసు ఇస్తారు. పాత చట్టంలో అది 41ఎ, ఇప్పుడు 35(3). స్టేషన్‌లో కాగితాలు రాసే రైటర్ కూడా ఇంకా "ఫార్టీవన్ ఏ" అనే అంటాడు, కంగారు పడకండి. ఆ నోటీసు వస్తే పిలిచిన రోజు తప్పకుండా వెళ్ళాలి. వెళ్తున్నంత కాలం, కారణాలు రాసి చూపిస్తే తప్ప, ఆ కేసులో అరెస్టు చేయడానికి లేదు. ఎగ్గొడితే ఆ రక్షణ మీరే పోగొట్టుకున్నట్టు.

అరెస్టు చేశామంటే మూడు రాసుకోండి: క్రైమ్ నంబరు, పెట్టిన సెక్షన్లు, కేసు చూస్తున్న అధికారి పేరు. క్రైమ్ నంబరు చేతిలో ఉంటే ఎఫ్‌ఐఆర్ కాపీ ఏపీ పోలీస్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. 24 గంటల్లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశం ఉంది. లైంగిక నేరాలు, పోక్సో లాంటి సున్నితమైన కేసులవి మాత్రం పెట్టరు.

ఇక అరెస్టు మెమో, అంటే అరెస్టు చేసినట్టు పోలీసులు రాసే కాగితం. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే జనం చూడకుండా సంతకం పెట్టేసేది దీనిమీదే. మెమో మీద కుటుంబ సభ్యుడో, ఆ ఏరియాలో పరువున్న మనిషో ఒకరు సాక్షిగా సంతకం చేయాలి, అరెస్టయిన మనిషీ చేయాలి. అందులో తేదీ, టైము గడి ఉంటుంది. మీవాణ్ణి మంగళవారం సాయంత్రం ఆరింటికి పూర్ణా మార్కెట్ దగ్గర జీపెక్కించారనుకోండి, మెమోలో బుధవారం మధ్యాహ్నం రెండింటికి అని ఉందనుకోండి. మధ్యలో ఇరవై గంటలు గాలిలో కలిసిపోయాయన్నమాట. మేజిస్ట్రేట్ ముందు పెట్టాల్సిన 24 గంటల లెక్క అక్కడ జారిపోతుంది. కాబట్టి సంతకం పెట్టే ముందు ఆ గడి చదవండి. తేడా ఉంటే గొడవ పడక్కర్లేదు. మీ సంతకం కింద మీరు సంతకం పెడుతున్న తేదీ, టైము వేయండి, వీలైతే "మంగళవారం సాయంత్రం 6 గంటలకు తీసుకొచ్చారు" అని మీ చేత్తో ఒక్క ముక్క రాయండి. రాయనివ్వకపోతే బయటికొచ్చి అదే మాట పోలీస్ కమిషనర్ ఆఫీసుకి మెయిల్ చేయండి. పూర్వం లాయర్లు ఇలాంటప్పుడు టెలిగ్రామ్ కొట్టేవారు. టెలిగ్రామ్ పోయింది కానీ దాని పని పోలేదు: ఫలానా టైముకి మేం ఫిర్యాదు చేశాం అని రుజువు కావాలి, అంతే.

తీసుకెళ్ళిన చోట షాపు కెమెరా ఉంటే ఆ రోజే వెళ్ళి షాపువాణ్ణి బతిమాలుకోండి, చాలా చోట్ల కొద్దిరోజుల్లోనే ఫుటేజ్ చెరిగిపోతుంది. స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని, రికార్డింగ్ 18 నెలలు, కనీసం ఏడాదైనా ఉంచాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. లాయరు ద్వారా ఆ ఫుటేజ్ భద్రపరచమని కోర్టులో పిటిషన్ వేయొచ్చు.

ఒక మాట మీవాడి చెవిన కూడా పడాలి. పోలీసుల దగ్గర ఒప్పుకున్నట్టు రాసిన కన్ఫెషన్ కోర్టులో అతని మీద సాక్ష్యంగా చెల్లదు. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే మాత్రం ఆ దొరికిన మేరకు చెల్లుతుంది. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దని చెప్పండి.

ఆడవాళ్ళ విషయంలో: సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరి అయితే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి. విచారణ పేరుతో సాక్షులుగా ఆడవాళ్ళని, 60 దాటినవాళ్ళని, 15 ఏళ్ళలోపు పిల్లల్ని స్టేషన్‌కి రమ్మనకూడదు, ఇంటికొచ్చే అడగాలి.

3. లాయరు

విచారణ జరుగుతుండగా లాయర్ని కలిసే హక్కు మీవాడికి ఉంది, మొత్తం సేపూ పక్కన కూర్చోబెట్టుకునే హక్కు కాదు గానీ. డబ్బు లేదని ఆగిపోకండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరకాలని 1987 న్యాయ సేవల చట్టమే చెబుతోంది. ఎస్సీ, ఎస్టీ, మహిళలకీ అంతే. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళి ఒక అర్జీ ఇవ్వండి. "ఫ్రీ లాయరు సరిగ్గా చూడడు" అన్న మాట చాలా వింటుంటాం. రిమాండ్ (మేజిస్ట్రేట్ కస్టడీకి పంపడం), మొదటి బెయిల్ పిటిషన్ దాకా వాళ్ళు చేసేదీ ఫీజు తీసుకునేవాళ్ళు చేసేదీ పెద్ద తేడా ఏం ఉండదు.

ప్రైవేటు లాయర్ని పెట్టుకుంటే ఫీజు విడివిడిగా మాట్లాడుకోండి: రిమాండ్‌కి ఎంత, కింది కోర్టులో బెయిల్‌కి ఎంత, సెషన్స్‌కి వెళ్తే ఎంత, ట్రయల్‌కి ఎంత. "మొత్తం నేను చూసుకుంటాను, ఒక లక్ష పెట్టుకోండి" అనేవాడి దగ్గర రసీదు అడగండి. ముఖం ఎలా పెడతాడో చూస్తే మీకే తెలుస్తుంది.

4. మేజిస్ట్రేట్ ముందు

అరెస్టు చేసిన 24 గంటల్లో, దారి ప్రయాణం పోగా, మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అంతకుముందు వైద్య పరీక్ష ఉంటుంది, సిటీలో ఎక్కువగా కేజీహెచ్ అనే పెద్దాసుపత్రికే తీసుకెళ్తారు. అక్కడ డాక్టర్ అడిగినప్పుడు దెబ్బలుంటే ఉన్నాయనే చెప్పాలి. పక్కన కానిస్టేబుల్ నిలబడ్డాడని "ఏం లేవండి" అనేస్తే ఆ కాగితం జీవితాంతం అలాగే ఉంటుంది.

ఆదివారమైనా పండగైనా ఇది ఆగదు. అప్పుడు మేజిస్ట్రేట్ ఇంటికే తీసుకెళ్తారు. రోడ్డు మీద జీపు, గేటు బయట మీరు, లోపల అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. లాయరు ఆ టైముకి అక్కడ ఉండేలా ముందే మాట్లాడుకోండి. ఎందుకు అరెస్టు చేశారో రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, అప్పటికప్పుడు కుదరకపోతే రిమాండ్‌కి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో తేల్చింది. పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చినవాళ్ళలో ఒడియా, కువి తప్ప మరోటి సరిగ్గా రానివాళ్ళుంటారు. వాళ్ళకి ఇంగ్లిష్ కాగితం చేతిలో పెట్టి వేలిముద్ర వేయిస్తే అది ఇచ్చినట్టు కాదు. లాయరు అడగాల్సిన పాయింటు ఇది.

మేజిస్ట్రేట్ మీవాణ్ణి "ఏమైనా చెప్పాలా?" అని అడుగుతారు. ఏడవడానికో, కథంతా చెప్పడానికో అది టైము కాదు. ఎప్పుడు పట్టుకున్నారు, కొట్టారా, ఏ మందులు వాడుతున్నాడు. ఈ మూడూ చాలు.

వయసు 18 లోపైతే కథ వేరు. లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి వెళ్ళాలి. స్కూల్ సర్టిఫికెట్ గానీ పదో తరగతి మెమో గానీ వెంటనే పట్టుకుని పరిగెత్తండి, చట్టం ముందు చూసేది వాటినే, తర్వాతే మున్సిపాలిటీ బర్త్ సర్టిఫికెట్. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడి పెద్దవాళ్ళ జైలుకి వెళ్ళే ప్రమాదం ఉట్టి మాట కాదు.

5. అడవివరం

పాత సెంట్రల్ జైలు ఊరి మధ్యలో ఉండేది, జైల్ రోడ్ అన్న పేరు అందుకే. ఆ స్థలంలో ఇప్పుడు సెంట్రల్ పార్క్ ఉంది, పిల్లలు ఆడుకుంటున్నారు. ఇప్పటి జైలు హనుమంతువాక నుంచి ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా అడవివరం వెళ్ళే దారిలో.

రిమాండ్ పడ్డ రోజే ములాఖత్ అని, అంటే జైల్లో కలుస్తామని పరుగెత్తకండి, అడ్మిషన్ అవ్వాలి. కేంద్ర ప్రభుత్వ ఈ-ప్రిజన్స్ సైట్‌లో ఈ-ములాఖత్ ఉంది, కలవడానికి అందులో ముందుగా పేరు పెట్టుకోవచ్చు. వెళ్ళే ప్రతి మనిషికీ ఒరిజినల్ ఆధార్ ఉండాలి. ఖైదీ పేరు, తండ్రి పేరు రిమాండ్ కాగితంలో ఎలా ఉందో అలాగే చెప్పాలి. "అప్పలరాజు" అని అడిగితే ఆ పేరుతో ఎంతమంది ఉంటారో ఊహించుకోండి. క్రైమ్ నంబరు చెబితే పని తొందరగా అవుతుంది.

ఇంటి నుంచి వండిన కూర క్యారేజీ కట్టుకుని వచ్చి, గేటు దగ్గర వెనక్కి పంపేస్తే ఆ చెట్టు కింద కూర్చుని ఏడ్చే అమ్మల్ని చూస్తుంటాం. భోజనం మీద ఆశ పెట్టుకోకుండా బట్టలు, కాస్త డబ్బు మీద దృష్టి పెట్టండి. రిమాండ్ ఖైదీ సొంత బట్టలే వేసుకోవచ్చు. డబ్బు ఖైదీ చేతికి ఇవ్వరు, అతని పేరు మీద జమ చేస్తారు, దాంతో క్యాంటీన్‌లో సబ్బు, బిస్కెట్ కొనుక్కుంటాడు. మందులు మీరు లోపలికి ఇవ్వలేరు. డాక్టర్ చీటీ, రిపోర్టులు జైలు డాక్టర్‌కి చేరేలా ఒక అర్జీ రాసి ఇవ్వండి, కాపీ మీద సీల్ వేయించుకోండి. షుగరు, ఫిట్స్, టీబీ ఉన్నవాళ్ళకి ఇది మొదటి రోజే చేయాలి.

గేటు బయట "లోపల మనవాళ్ళున్నారు, బాగా చూసుకుంటారు" అని దగ్గరికొచ్చేవాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకండి.

6. బెయిల్, షూరిటీలు

బెయిలబుల్ నేరమైతే బెయిల్ హక్కు, స్టేషన్‌లోనే ఇవ్వాలి. వారం గడిచినా షూరిటీ, అంటే పూచీ ఉండే మనిషిని, పెట్టలేకపోతే పేదవాడని భావించి సొంత పూచీకత్తు మీదే వదలాలని బీఎన్‌ఎస్‌ఎస్ 478వ సెక్షన్ చెబుతోంది. నాన్ బెయిలబుల్ అయితే మేజిస్ట్రేట్, కాదంటే సెషన్స్, అక్కడా కాదంటే హైకోర్టు.

చాలామంది ఇక్కడ ఒక విషయంలో దెబ్బతింటారు. బెయిల్ వచ్చిందని స్వీట్లు పంచుతారు, తర్వాత పదిహేను రోజులు మనిషి లోపలే ఉంటాడు. కారణం షూరిటీలు. ఆర్డర్‌లో "ఇరవై వేలకి ఇద్దరు షూరిటీలు" అని ఉంటే, ఆ ఇద్దరి ఆస్తి కాగితాలు కావాలి: జీవీఎంసీ (నగరపాలక సంస్థ) ఇంటి పన్ను రసీదు, ఆధార్, ఫొటోలు, కోర్టును బట్టి తహసీల్దార్ ఇచ్చే విలువ సర్టిఫికెట్. ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్. ఇవన్నీ బెయిల్ వచ్చాక వెతకడం మొదలుపెడితే ఆలస్యమే. రిమాండ్ పడ్డ మర్నాటి నుంచే ఇద్దరు చుట్టాల్ని ఒప్పించి కాగితాలు సిద్ధం చేయండి. పన్ను బకాయి ఉంటే కట్టించండి, రసీదు మీద పేరూ ఆధార్‌లో పేరూ కలుస్తున్నాయో లేదో చూడండి. తాత పేరు మీద ఉన్న ఇల్లు చూపించి మనవడు షూరిటీగా నిలబడలేడు.

కోర్టు దగ్గర షూరిటీలు అద్దెకి దొరుకుతాయని ఎవరైనా అంటే దూరంగా ఉండండి. ఒకే రసీదు మీద ఎన్నో కేసుల్లో సంతకాలు పెట్టినవాడు దొరికిపోతే బెయిల్ పోవడమే కాక కొత్త కేసు మీ నెత్తిన పడుతుంది.

నిజంగానే షూరిటీ పెట్టే స్తోమత లేకపోతే రెండు దారులున్నాయి. సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఇచ్చిన ఆదేశాల ప్రకారం బెయిల్ ఆర్డర్ కాపీని కోర్టు జైలుకి ఈమెయిల్‌లో పంపాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలి. నెలలోపు బాండ్లు పెట్టలేకపోతే షరతులు సడలించడం కోర్టు తనంతట తానే పరిశీలించొచ్చు. వాళ్ళంతట వాళ్ళు చేస్తారని కూర్చోకండి, ఎనిమిదో రోజు మీరే న్యాయ సేవా సంస్థకి వెళ్ళి గుర్తు చేయండి. రెండోది, పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకం. విచారణ ఖైదీకి బెయిల్ కోసం, శిక్ష పడి జరిమానా కట్టలేనివాళ్ళకి జరిమానా కోసం డబ్బు ఇస్తారు, ఎంత దాకా అన్నది న్యాయ సేవా సంస్థలో అడగండి. గంజాయి కేసులకి ఇది వర్తించదు, విశాఖలో అదే పెద్ద చిక్కు.

7. గంజాయి కేసైతే

ఎఫ్‌ఐఆర్‌లో ముందు బరువు చూడండి. కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే కమర్షియల్. కమర్షియల్ అయితే మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ అడ్డం పడుతుంది: ఈ మనిషి నేరం చేయలేదని నమ్మడానికి కారణం ఉందని, బయటికొస్తే మళ్ళీ చేయడని కోర్టుకి అనిపిస్తేనే బెయిల్. కాబట్టి "పదిరోజుల్లో తెచ్చేస్తాను" అన్న లాయరు మాట నమ్మి నగలు తాకట్టు పెట్టకండి. బస్తాలు మోసిన కూలీ, ఆటో తోలినవాడు, సరుకు అసలు యజమాని ముగ్గురూ ఒకే సెక్షన్ కింద లోపల ఉంటారు. కూలీకి ఇంట్లో పొలం పాస్ పుస్తకం ఉందా, ఫోన్ కాల్స్ ఎవరితో ఉన్నాయి, బండి ఎవరిది, ఇవన్నీ లాయరుకి రాసి ఇవ్వండి. సోదా ఎలా జరిగింది, ఎక్కడ తూచారు, శాంపిల్ ఎవరి ముందు తీశారు అన్నది మీవాణ్ణే ములాఖత్‌లో నెమ్మదిగా అడగండి. ఈ కేసులు నిలబడేదీ పడిపోయేదీ అక్కడే.

8. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి

రిమాండ్ పడ్డ రోజుని ఒకటిగా లెక్కపెట్టండి. పదేళ్ళు లేదా అంతకు మించి శిక్షలుండే పెద్ద నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60, కమర్షియల్ గంజాయిలో 180. ఆ లోపు చార్జిషీట్ పడకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. చార్జిషీట్ పడకముందే పిటిషన్ వేయాలి, ఒక్కరోజు ఆలస్యమై ఈలోగా చార్జిషీట్ వేసేస్తే హక్కు జారిపోతుంది. అందుకే 59వ రోజు రాత్రే లాయరుకి ఫోన్ చేయండి. ఈకోర్ట్స్ యాప్‌లో కేసు కదలికలు మీరే చూసుకోవచ్చు.

కేసు సాగి సాగి విచారణే అవ్వకపోతే బీఎన్‌ఎస్‌ఎస్‌లో 479వ సెక్షన్ ఉంది. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు, మిగతావాళ్ళు సగం కాలం లోపల గడిపేస్తే బెయిల్‌కి అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం ఉన్న నేరాలకి, ఒకటి కన్నా ఎక్కువ కేసులున్నవాళ్ళకి ఇది లేదు. జైలు సూపరింటెండెంటే కోర్టుకి రాయాలని చట్టం చెబుతోంది గానీ, మీరు ఒక అర్జీ పెడితే ఫైలు కదులుతుంది.

9. బయటికొచ్చాక

బెయిల్ షరతుల్లో స్టేషన్‌లో సంతకం పెట్టమని ఉంటే ఆ రోజు, ఆ టైముకి వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ రిజిస్టర్ పేజీ ఫొటో తీయనివ్వకపోయినా మీ నోట్‌బుక్‌లో తేదీ రాసుకోండి. వాయిదాకి వెళ్ళలేకపోతే ముందే లాయరుతో పిటిషన్ వేయించండి. ఫోన్ చేసి "రాలేకపోయానండి" అంటే నాన్ బెయిలబుల్ వారెంట్ ఆగదు. వారెంట్ వచ్చిందని తెలిసినా పారిపోకండి, స్వయంగా వెళ్ళి వారెంట్ వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేస్తే ఎక్కువసార్లు సర్దుకుంటుంది. ఫిర్యాదు ఇచ్చినవాళ్ళ ఇంటివైపు మాత్రం వెళ్ళొద్దు, రాజీ మాటలైనా లాయర్ల ద్వారానే.

పట్టుకున్న బండి, ఫోన్ గురించి కేసు అయ్యేదాకా ఆగక్కర్లేదు. స్టేషన్ ఆవరణలో ఎండకీ వానకీ పడి ఉన్న బైకులు చూసే ఉంటారు, సముద్రం గాలికి ఏడాదిలో తుప్పు పట్టిపోతాయి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, ఆధార్ పెట్టి బీఎన్‌ఎస్‌ఎస్ 497 లేదా 503వ సెక్షన్ కింద కోర్టులో పిటిషన్ వేయండి. బాండ్ రాయించుకుని, ఫొటోలు తీయించి, అమ్మకూడదన్న షరతుతో ఇచ్చేస్తారు. గంజాయి కేసులో పట్టుకున్న బండైతే దానికి వాదన వేరుగా ఉంటుంది, ఈ పిటిషన్ వేసే ముందే లాయర్ని అడగండి.